పదకొండు ఫ్లాపీలు, ఒక ఎర్ర పోగు

నేను తెలివితక్కువవాణ్ణన్న సంగతి నాకు తెలియడానికి పదకొండు ఫ్లాపీలు పట్టాయి. ఒక్క ఫ్లాపీలో ఇమిడేంత తెలివితక్కువతనం కాదు మరి నాది.

ఎనభైల చివర్లో ఎమ్మిగనూరులో ఒక చిన్న నేత సంఘానికి నేను కార్యదర్శిగా ఉండేవాణ్ణి. కాపురం ఆదోనిలో. పొద్దున్నే బస్సెక్కి, పత్తి లారీల వెనకాల దుమ్మూ దూదీ సమపాళ్ళలో పీల్చుకుంటూ వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. సంఘంలో నూటికి పైచిలుకు మగ్గాలు. అన్నీ నేతగాళ్ళ ఇళ్ళలోనే, నేలలో తవ్విన గుంటల్లో. వాళ్ళకు నూలివ్వడం, వాళ్ళు నేసిన తువ్వాళ్ళూ దుప్పట్లూ తీసుకోవడం మా పని. వినడానికి తేలికే. కానీ నూలు ఎప్పుడూ అందరికీ సరిపడా వచ్చేది కాదు. వచ్చిన లోడు సగం మగ్గాలకు సరిపోతే ఆ రోజు మా అదృష్టం. తక్కినవాళ్ళు తర్వాతి లోడు దాకా ఆగాల్సిందే. కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే ఆ సంఘానికి ఆయువుపట్టు. నూలు అందిన ఇంట్లో మగ్గం ఆడుతుంది. అందని ఇంట్లో మనుషులు కూలికి పోతారు.

ఆ ముందువెనకల సంగతి చూసేది స్టోర్లో ఉండే పెద్దాయన. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయన దగ్గర తలుపంత చెక్క ఒకటి గోడకు ఆనించి ఉండేది. దాని మీద వీధి వరుసన మేకులు, మగ్గానికొకటి. మేకు కింద సుద్దతో మగ్గం నంబరు. ముడేసిన ఎర్ర నూలు పోగొకటి ఏదో ఒక మేకుకు వేలాడుతూ ఉండేది. అంటే పోయిన లోడు ఆ మగ్గం దగ్గర ఆగిందని. కొత్త లోడు రాగానే పక్క మేకుతో మొదలుపెట్టేవాడు. చివరి మేకు అయ్యాక మళ్ళీ మొదటి మేకు. అంతే, అంతకు మించి శాస్త్రం లేదు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా గుమ్మంలోంచి తల పెట్టి చూసి, ఎర్ర పోగుకూ తమ మేకుకూ మధ్య ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టుకుని, నిమ్మళంగా ఇంటికి పోయేవాళ్ళు. పోగు తమ వీధికి వచ్చిందంటే ఆ పూట నూలు చుట్టే ఆసులు బయటికి తీసి తుడుచుకునేవాళ్ళు.

ఇలా సాగుతుండగా పై ఆఫీసు వాళ్ళు మా సంఘానికి ఒక కంప్యూటర్ పంపించారు. ఎందుకు పంపారో వాళ్ళకూ తెలియదు, ఎందుకు తీసుకున్నామో మాకూ తెలియదు. నా గది పక్క గదికి సున్నం వేయించి, కిటికీలకు పరదాలు కట్టించి, ‘చెప్పులు బయట విడువవలెను’ అని బోర్డు పెట్టించాను. నేతగాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసి చేతులు జోడించి పోయేవాళ్ళు. తీర్థం ఒక్కటే తక్కువ. పూజారిని నేనే కనుక ఆ వైభవం నాకు బాగానే ఉండేది.

యంత్రంతో పాటు దాన్ని లేపడానికి ఒక ఫ్లాపీ వచ్చింది. దాంట్లో ఏముందో చూసే ఓపిక నాకు లేకపోయింది, ఎందుకంటే ఆ వారమే బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఎండలో కూడా మెడకు టై. చేతిలో పెట్టె. పెట్టెలో పదకొండు ఫ్లాపీలు, ఇటుకంత పుస్తకం ఒకటి. ఆ పదకొండింటిలో ఉత్తరాలు రాసేదుందట, పట్టికలు వేసేదుందట, పేర్లు దాచేదుందట, బొమ్మలు గీసేదుందట, వెయ్యేళ్ళ క్యాలెండర్ కూడా ఉందట. ఎమ్మిగనూరులో నేత సంఘానికి వెయ్యేళ్ళ తర్వాత ఏ వారమో ఎందుకని నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదని అతనికి తెలిసిపోతుంది కదా. తల ఊపాను. ఊపిన ప్రతిసారీ అతను ఇంకో ఫ్లాపీ దూర్చాడు. చివరికి ప్రింటర్ గరగరమంటూ ఒక గుండ్రని బొమ్మ వేసింది. ఏ వీధికి ఎంత నూలు పోయిందో చూపించే బొమ్మ.

పెద్దాయన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. “అప్పడం బాగుండాది సార్,” అన్నాడు. “ఆ మిషన్‌కు, మొన్న నూలు యాడ ఆపినామో గుర్తుంటాదా?”

సంఘం పాలకవర్గం అంతా అక్కడే ఉంది. బెంగళూరాయన నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అనాలి. “మేకుల కాలం పోయింది పెద్దాయనా. ఇంక మీ చెక్కను పొయ్యిలోకి పెట్టుకోవచ్చు,” అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఈ ముప్పై నలభై ఏళ్ళలో నేను ఎన్నో మాటలు మరిచిపోయాను, ఆ నవ్వును మాత్రం మరిచిపోలేకపోయాను. అందరూ నవ్వి ఆపేశాక కూడా ఆయన ఇంకాసేపు నవ్వాడు, నాకు చిన్నతనం కాకూడదని.

చెక్క ఉన్న గోడకు మరునాడే ఆ అప్పడం బొమ్మను అతికించారు. అతికించింది నేనే.

ఇక ఆ ప్రోగ్రాం కథ. దాన్ని తెరవాలంటే పావుగంట. మొదటి ఫ్లాపీ పెట్టు అంటుంది, పెడతాను. మూడోది పెట్టు అంటుంది, పెడతాను. మళ్ళీ మొదటిది పెట్టు అంటుంది. కొత్త కోడలికి అత్తగారు చెప్పినట్టు చెబుతుంది, చేసినదానికి మెచ్చుకోలు లేదు. తెరుచుకునేసరికి కరెంటు పోయేది. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి ఫ్లాపీ. ఒక్క మనిషి పేరు ఎక్కించాలంటే ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, టెలిఫోన్ నంబరు అడిగేది. మా నేతగాళ్ళలో చాలామందికి పుట్టిన తేదీయే తెలియదు, టెలిఫోన్ ఎక్కడిది. అన్నీ నింపితే తప్ప కదలదు కనుక అందరికీ ఒకటే పుట్టిన రోజు వేశాను. మా సంఘంలో నూట చిల్లర మంది కవలలు.

జాబితా అచ్చువేస్తే చక్కగా చుట్టూ గీతల అంచుతో వచ్చేది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉండేవి. ఇంకో వరుసలో ఇమ్మంటే ఇవ్వదు. ఇవ్వాలంటే మరో రెండు ఫ్లాపీలు కొనాలట. నాకందులో ఇబ్బందేమీ కనబడలేదు. ఎందుకు కనబడలేదో చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది. నా పేరు ఆ అక్షరమాలలో మొదటి అక్షరంతో మొదలవుతుంది. బడిలో హాజరు పట్టీలో మొదటివాణ్ణి. చదువులో రాని మొదటి స్థానం నాకు అక్కడ పదేళ్ళు వరుసగా వచ్చింది. అక్షరక్రమం అంటే నాకు న్యాయం లాగే తోచేది. నేనుండే ఆదోని కూడా ఆ వరుసలో ముందే ఉంటుంది, నాకు అన్నం పెట్టే ఎమ్మిగనూరును ఇంగ్లీషులో ‘వై’తో రాస్తారు కనుక అది తోక దగ్గర ఉంటుంది. అప్పుడైనా తట్టవలసింది.

మొదటి లోడు వచ్చింది. జాబితా ప్రకారం మొదటి పేరుతో మొదలుపెట్టి ఇచ్చుకుంటూ పోయాం. సగం దాటాక నూలు అయిపోయింది. రెండో లోడు వచ్చింది. కంప్యూటర్‌కు మొన్న ఎక్కడ ఆపామో గుర్తు లేదు. దానికి ప్రతిరోజూ సృష్టి మొదటి రోజే. మళ్ళీ మొదటి పేరుతో మొదలుపెట్టింది, మేమూ అలాగే ఇచ్చాం. పెద్దాయన ఒకసారి వచ్చి, తోకలో ఉన్నవాళ్ళకు అందలేదని నెమ్మదిగా చెప్పాడు. ఈసారి లోడు చిన్నది, వచ్చేసారి సర్దుకుంటుందన్నాను. వచ్చేసారి కూడా మిషన్ వరుసేనా అని అడిగాడు. మిషన్ తప్పు చేయదు పెద్దాయనా అన్నాను. ఆ మాట నాది కూడా కాదు, బెంగళూరాయన అన్నదే. అరువు తెచ్చుకున్న మాటను అంత గట్టిగా అనకూడదు.

మూడో లోడుకూ అంతే అయింది.

ఆ మూడో లోడు పంచిన నాలుగు రోజులకు ఒక నేతగత్తె నా గదికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భర్తకు చూపు మందగించి మగ్గం దిగాడు, అప్పటినుంచి ఆమే నేసేది. సన్ననూలు తువ్వాళ్ళు. మా సంఘంలో ఆమె చేయి అంటే పేరు. ఇంగ్లీషులో రాస్తే ఆమె పేరు చిట్టచివరి పేజీలో చివరి నుంచి రెండోది. నెలన్నర నుంచి ఆమె మగ్గం ఖాళీగా ఉందని నాకు తెలియదు. అప్పడం బొమ్మలో ఖాళీ మగ్గాలు కనబడవు.

చెప్పులు బయటే విడిచి, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. ఆస్పరి పక్క పల్లెల్లో పత్తి ఏరడానికి పోయి వచ్చానని చెప్పింది. చేతులు కొంగు కింద పెట్టుకుంది.

“సార్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు,” అంది. “నా పేరు మార్సుకుంటే నూలు వస్తాదా? ఏ అచ్చరంతో పెట్టుకుంటే ముందర వస్తాదో మీరే సెప్పండి. ఇంట్లో అడిగినా, ఊ అన్నాడు.”

ఎగతాళి చేస్తోందేమోనని ముఖంలోకి చూశాను. ఎగతాళి కాదు. ఆఫీసులో కాగితం కావాలంటే కాగితం తెచ్చినట్టు, పేరు కావాలంటే పేరు తెద్దామని వచ్చింది. అమ్మానాన్నలు పెట్టిన పేరును, మొగుడి అనుమతి తీసుకుని మరీ, నా ప్రోగ్రాంకు సరిపడేట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది.

 నూలు లెక్క చెప్పడానికొచ్చి నా వెనక నిలబడ్డ పెద్దాయన, “చేతులు సూపించు పాపా,” అన్నాడు.

ఆమె చూపించలేదు. ఆయన మళ్ళీ అడిగితే కొంగు తీసింది. పత్తికాయ తొడిమల మొనలు గుచ్చుకుని వేళ్ళ చివర్లన్నీ చీలి ఉన్నాయి. మగ్గం మీద ఉండే చేతికి అది మామూలు గాయం కాదు. చీలిన చర్మానికి పోగు తగులుకుంటుంది, తగులుకున్న చోటల్లా గుడ్డలో ముడి లేస్తుంది. అందుకే మంచి నేతగాళ్ళు పత్తి ఏరడానికి పోరు. పోవాల్సి వస్తే ఇక గతిలేక పోయారన్నమాట. పత్తి ఊరు ఆదోనిలో పుట్టి పెరిగినవాణ్ణి, నూలు పంచే సంఘానికి కార్యదర్శిని, ఆ సంగతి నాకు ఆ పెద్దాయన అప్పుడు చెబితే తెలిసింది.

పేరు మార్చుకోవద్దమ్మా అన్నాను. అంతకన్నా పెద్ద మాట నాకు దొరకలేదు. ఆమె తల ఊపి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆదోనిలో దిగి, ట్రంకు కాల్ బుక్ చేసి బెంగళూరాయనతో మాట్లాడాను. మగ్గం నంబర్ల వరుసలో జాబితా కావాలన్నాను. వచ్చే ఏడాది కొత్త ప్రోగ్రాం వస్తోంది, అందులో ఉంటుందన్నాడు. ఇప్పుడు ఏం చేయాలన్నాను. అంతవరకు ఆ బొమ్మలు వాడుకోండి సార్ అన్నాడు.

మా వీధిలోనే పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పనిచేసే టైపిస్టు ఒకడు ఉండేవాడు. వాళ్ళ మిల్లులోనూ ఇలాంటి యంత్రమే ఉందని విన్నాను. సిగ్గు చంపుకుని వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. పదకొండు ఫ్లాపీల మాట చెప్పగానే అతను తాగుతున్న టీ పక్కన పెట్టాడు.

“అన్నా, నువ్వు బండికి ఏనుగును కట్టినావు,” అన్నాడు. “దాని మేతకే నీ రోజు సరిపోతాండాది. బండి యాడికి పోతాది?”

మరునాడు మిల్లుకు తీసుకెళ్ళి అతను వాడేది చూపించాడు. యంత్రంతో పాటు వచ్చిన ఆ ఒక్క ఫ్లాపీలోనే ఉంది అది. నేను చూడని ఫ్లాపీ. ఒక చిన్న రాత పనిముట్టు. వరుసకొక నంబరు వేసి చూపిస్తుంది. రాయమంటే రాస్తుంది, చూపమంటే చూపుతుంది, తీసేయమంటే తీసేస్తుంది, ఈ వరుసల్ని అక్కడికి జరుపు అంటే జరుపుతుంది. ఒక్కో పనికి ఒక్కో అక్షరం నొక్కితే చాలు. అంచు గీతలు లేవు, అప్పడాలు లేవు, క్యాలెండర్ లేదు. పత్తి బేళ్ళ మీద వేసే గుర్తులు మూడేళ్ళుగా దాంట్లోనే రాసుకుంటున్నాడట. ఇంకేమైనా కావాలనిపించలేదా అని అడిగాను. బేళ్ళకు ఇంకేమీ అక్కర్లేదన్నాడు. నాకు ఎవరూ చెప్పని పాఠం అది. పని ఎంతో, పనిముట్టు అంతే ఉండాలి. చెప్పులు బయట విడవాల్సిన అవసరమే లేదు.

ఎమ్మిగనూరుకు తిరిగొచ్చి స్టోర్లోకి వెళ్ళాను. పెద్దాయనను ఆ చెక్క ఏం చేశారని అడగాలి. పొయ్యిలో పెట్టమన్నవాణ్ణి నేనే, ఎలా అడగను? కాసేపు నూలు కట్టల గురించి మాట్లాడాను, వానల గురించి మాట్లాడాను. ఆయన నన్ను అంతసేపు మాట్లాడనిచ్చి, లేచి, కట్టల వెనక గోనెసంచి తొలగించాడు. చెక్క అక్కడే ఉంది. ఎర్ర పోగు కూడా, కంప్యూటర్ రాకముందు ఏ మేకు దగ్గర ఆగిందో ఆ మేకుకే ఉంది.

“పోయినాయన చేసిన చెక్క సార్,” అన్నాడు. “మా నాయన చేసింది. పొయ్యికి పనికిరాదు, అన్నీ మేకులే.”

క్షమించమని అడగడం నాకు రాలేదు. గోడకున్న అప్పడం బొమ్మను చింపాను. అది ఆయనకు అర్థమైంది.

ఇద్దరం కూర్చుని, ఆయన మేకుల వరుసన చెబుతుంటే నేను ఆ చిన్న పనిముట్టులో మగ్గం నంబర్లు కొట్టాను. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. లోడు వచ్చినప్పుడు పై నుంచి ఇచ్చుకుంటూ పోవడం, ఇచ్చిన వరుసలన్నిటినీ తీసి అడుగుకు జరపడం. తర్వాత ఎవరికివ్వాలో ఆ నంబరే ఎప్పుడూ పైన ఉంటుంది. మేకుల చెక్కనే తెర మీదికి ఎక్కించినట్టు. మధ్యలో కరెంటు పోతే పెద్దాయన చెక్క చూసి పని నడిపించేవాడు. కరెంటు వచ్చాక నేను ఆయన్ను చూసి దిద్దుకునేవాణ్ణి.

ఆ నేతగత్తె మగ్గం ఎర్ర పోగు నుంచి మూడో మేకు. తర్వాతి లోడులో ఆమెకు మూడో కట్ట అందింది. కానీ వేళ్ళు అంత తొందరగా మానలేదు. రోజూ ఆముదం రాసుకుని నేసిందట. మొదటి తువ్వాళ్ళలో అక్కడక్కడా ముడులు లేచాయి. నాణ్యం చూసి ముద్ర వేయాల్సింది నేను. ఆమె మగ్గం ఎక్కిన నాటి నుంచి ఆమె గుడ్డ మీద మొదటి రకం ముద్ర తప్ప పడలేదు. నిబంధన నిబంధనే కనుక రెండో రకం ముద్ర వేశాను. వేస్తుంటే ఆమె నా వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంది. ముద్ర పడాల్సింది ఎవరి మీదో నాకు తెలుసు. ఆ తువ్వాళ్ళలో ఒకటి నేనే కొని కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పాను. రోజూ పొద్దున్నే ఆ ముడులను తడిమి తీస్తే తప్ప పని మొదలయ్యేది కాదు. నాకు నేను వేసుకున్న పాస్‌వర్డు అనుకోండి.

ఏడాదికి బెంగళూరాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇరవై రెండు ఫ్లాపీలు. ఆ రోజు పాలకవర్గం సమావేశం, పైగా నూలు పంచే రోజు. ఆ నేతగత్తె కూడా వచ్చి స్టోర్ గుమ్మంలో కూర్చుని ఉంది. చూపించండి చూద్దామన్నాను. ఇక్కడున్న పదిమంది పేర్లూ ఎక్కించి ఒక జాబితా వేయమన్నాను, ఆమె పేరూ, అతని పేరూ కలిపి. పాపం ఉత్సాహంగా ఎక్కించాడు. అందరినీ పుట్టిన తేదీలు అడిగాడు. అంచు గీతల మధ్య జాబితా వచ్చింది. మొదటి పేరు నాది. తొమ్మిదోది ఆమెది. పదోది అతనిది.

పక్కనున్న హోటలాయనతో ఏడు టీలు తెప్పించి, జాబితా ప్రకారం ఇమ్మన్నాను. ఏడుతో అయిపోయాయి. బెంగళూరాయన నవ్వి, పరవాలేదన్నాడు. కాసేపటికి బొరుగుల ఉగ్గాని, బజ్జి వచ్చాయి. అవీ ఏడు పొట్లాలే. హోటలాయన మళ్ళీ మొదటి పేరుతో మొదలుపెట్టాడు. ఏడో పొట్లం తర్వాత వట్టి చేతులు చూపించాడు. బజ్జి వాసన గదంతా ఉంది. బెంగళూరాయన టై కొంచెం వదులు చేసుకుని, పొద్దున బస్సులో ఏమీ తినలేదని ఎవరితోనో అన్నాడు.

గుమ్మంలోంచి ఆ నేతగత్తె అతన్ని జాలిగా చూసింది.

“పేరు మార్సుకో అన్నా,” అంది. “ముందర వస్తాది.”

పెద్దాయన నవ్వాడు. ఈసారి ఆయన ఎవరి కోసమూ నవ్వలేదు. మిగతావాళ్ళకు విషయం తెలుసు కనుక వాళ్ళూ నవ్వారు. బెంగళూరాయనకు జాబితా చూసుకున్నాక తెలిసింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో విడత టీలు మేకుల పద్ధతిలో ఇద్దామన్నాడు పెద్దాయన. ఎక్కడ ఆగామో అక్కణ్ణుంచి. అలా అయితే మిగిలిన ముగ్గురికే మొదటి టీలు. పాలకవర్గంలో టీ అందని మనిషికి ఒకటి, నేతగత్తెకు ఒకటి వెంటనే అందాయి. మూడోది బెంగళూరాయనది. అది అతని న్యాయమైన వంతు, నేను కాదనలేదు. కాకపోతే దాన్ని బల్ల మీద నా పక్కన పెట్టించుకుని, అతని ప్రోగ్రాం తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు, గడియారం చూసి సరిగ్గా పావుగంట, చల్లారనిచ్చి అప్పుడు అందించాను.